పద్నాలుగో సంచి

పోయినవారం అమ్మని గాజు అలమర ముందు నిలబెట్టి వదిలేశాం. ఆర్నెల్లుగా కూతురి రెస్టారెంటు గడప తొక్కని మనిషి, మంగళవారం పొద్దున పదిగంటలకి, ఎవరూ పిలవకుండా, గోడ పట్టుకుని నడుస్తూ లోపలికి వచ్చింది. ఎదురొచ్చిన అల్లుణ్ని భుజం పట్టుకుని ఆపి, వెలుతురు వైపు తిప్పి, "కళ్ళెలా ఉన్నాయి బాబూ?" అని అడిగింది. బానే ఉన్నాయత్తయ్యా అన్నాడతను తెల్లబోతూ. ఆవిడ ఇంకేమీ అడగలేదు. నేరుగా అలమర దగ్గరికి వెళ్లి, వరసగా నిలబెట్టిన సంచుల్లో కాస్త పొట్ట ఉబ్బినదాని మీద వేలుపెట్టి, "ఇందులో పులుపేదే?" అంది. అక్కడ ఆపాం.

కొత్తగా చేరినవాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను, పాతవాళ్లు విసుక్కోకండి. ఆ సంచుల్లో ఉన్నది వెల్లుల్లి. అమ్మ ఇంట్లో ముప్ఫై అయిదేళ్లుగా కిటికీ గట్టు మీద ఒక సీసా ఉంటుంది. ఒలిచిన వెల్లుల్లిని మూడురోజులు నిమ్మరసంలో, ఉప్పులో ఊరబెట్టి, గుడ్డమీద ఆరబెట్టి, అప్పుడు నూనెలో ముంచి దాచడం ఆవిడ పద్ధతి. మూడురోజులు ఎందుకమ్మా అని ఎప్పుడడిగినా ఒకటే జవాబు: అంతే, అడక్కు. కూతురు పెద్ద వంటల కాలేజీలో చదివి, ఎనిమిది బల్లల రెస్టారెంటు పెట్టి, అమ్మ వంటలనే కొత్త పద్ధతుల్లో వడ్డించడం మొదలుపెట్టింది. పేరొచ్చింది. ఒకరోజు అమ్మని కూర్చోబెట్టి, ఆవిడ కూరనే ఆవిడకి పెద్ద పళ్లెంలో మూడు చుక్కలుగా పెట్టించింది. "ఇది వడ్డించడమా, మందు రాయడమా?" అని అమ్మ అందరికీ వినబడేలా అడిగింది. పక్క బల్లలవాళ్లు నవ్వారు. కూతురు నవ్వలేదు. ఇక నా వంటగదికి రావద్దమ్మా అంది. అదీ ఆర్నెల్ల కథ.

ఇప్పుడు ముందుకు పోదాం.

రేపు మధ్యాహ్నం నలభైమంది భోజనానికి వస్తున్నారు. హోటళ్ల గురించి రాసే పత్రికవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. అమ్మ ఇవాళే ఎందుకు ఊడిపడిందా అని కూతురు లోపల విసుక్కుంటూనే, ఆవిడ అడిగింది వంట గురించి కాబట్టి కొంచెం మెత్తబడింది కూడా. ఆర్నెల్ల తర్వాత ఇద్దరూ మాట్లాడుకోగలిగిన సంగతి అదొక్కటే.

"పులుపు తీసేశానమ్మా. అది వెల్లుల్లి తీపిని చంపేస్తుంది. ఉప్పు కూడా సగానికి తగ్గించాను. సంచిలో గాలి మొత్తం లాగేసి, గోరువెచ్చకంటే కొంచెం ఎక్కువ వేడి నీళ్లలో పన్నెండుగంటలు ఉంచితే వెన్నలా అయిపోతుంది. నువ్వు ఒక్కసారి రుచి చూస్తే..."

"ఎన్నిరోజులైంది?"

సంచికి కట్టిన చీటీ తిప్పి చూసింది కూతురు. పందొమ్మిది రోజులు.

"ఫ్రిజ్జులో పెట్టావా?"

"లేదు, ఇక్కడే. వచ్చినవాళ్లకి కనబడాలని, దీపాల కింద. నీ సీసా ముప్ఫై అయిదేళ్లు కిటికీలోనే ఉంది కదమ్మా, ఎప్పుడైనా చెడిందా?"

ఈ అమ్మాయి తెలివితక్కువది కాదు, ఆ మాట ముందే చెప్పాలి. గాలి తీసిన సంచుల్ని చల్లగా ఉంచాలని ఆమెకి నేర్పినవాళ్లు నేర్పారు. మాంసం, చేపల విషయంలో ఒక్కరోజు తప్పలేదు. కానీ వెల్లుల్లి దగ్గరికి వచ్చేసరికి అది ఆమెకి కాలేజీలో నేర్చుకున్న వస్తువులా కనబడలేదు, ఇంట్లో కిటికీలో చూసిన వస్తువులా కనబడింది. కాలేజీ దగ్గర్నించి సంచి తీసుకుంది, అమ్మ దగ్గర్నించి కిటికీ తీసుకుంది. పులుపున్నది కిటికీలో ఉండొచ్చు. పులుపు లేనిది చల్లటి చోట కొద్దిరోజులు ఉండొచ్చు. రెండు పద్ధతుల్లోంచీ తనకి నచ్చిన సగాలు తీసుకుని కలిపింది. అలాంటి తప్పు అమ్మ చెయ్యదు, కాలేజీలో పాఠం చెప్పినవాళ్లూ చెయ్యరు. రెండిళ్లనీ ప్రేమించిన మనిషే చేస్తుంది.

అమ్మ మంచినీళ్లు అడిగింది. అల్లుడు తెచ్చిన గ్లాసు అందుకుని, పెదవులు తడుపుకుని, మిగతాది అలాగే బల్లమీద పెట్టేసింది. తర్వాత అలమర వైపు తిరిగి, వేలు గాల్లో ఆడిస్తూ సంచులు లెక్కపెట్టింది. మధ్యలో ఒకసారి ఆగి, ఒక కన్ను మూసి, మళ్లీ తెరిచి, మొదట్నించీ లెక్కపెట్టింది.

"ఇరవై ఆరున్నాయి," అంది.

కూతురికి జాలేసింది. అమ్మ కళ్లజోడు మార్పించి ఎన్నేళ్లయిందో గుర్తురాలేదు. అలమర వైపు చూడకుండానే, కాదమ్మా, పద్నాలుగే, నా చేత్తో కట్టాను కదా, అంది. అమ్మ వాదించలేదు. ఎప్పుడైనా వాదించకుండా ఉందా ఆవిడ? కూతురు ఆ సంగతి గమనించాల్సింది.

గమనించకపోగా, అమ్మ అనుమానం తీర్చేద్దామని ఉబ్బిన సంచి కిందికి దించింది. గాలి తీసేటప్పుడు కొంచెం మిగిలిపోయి ఉంటుందిలే అంటూ కత్తెర తీసుకుంది. మూల కత్తిరించి వాసన చూస్తే తేలిపోతుంది కదా అని ఆమె ఉద్దేశం. వాసన చూసి మంచీచెడూ చెప్పడంలో ఆమెని మించినవాళ్లు లేరని ఊళ్లో పేరు.

అమ్మ ఆ చేతిమీద ఒక్కటి కొట్టింది. కత్తెర ఎగిరి బల్లకింద పడింది.

కూతురికి ముప్ఫైనాలుగేళ్లు. చిన్నప్పుడు చింపిన పుస్తకాలకీ పగలగొట్టిన గిన్నెలకీ కూడా అమ్మ చెయ్యెత్తిన గుర్తు లేదు. చెయ్యి మండుతుంటే దాన్ని రెండో చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

"వాసన చూసి ఏం తెలుసుకుంటావే? వాసన బానే ఉంటుంది. రుచీ బానే ఉంటుంది. మా అక్క రెండోసారి అడిగి వేయించుకుంది," అంది అమ్మ.

మా అక్క అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ అనరు. పెద్దమ్మ ఒకావిడ ఉండేదని, చిన్నవయసులో జ్వరమొచ్చి పోయిందని మాత్రం కూతురికి తెలుసు. అమ్మ పెట్టెలో అడుగున రెండు జడలతో ఒక ఫొటో ఉంటుంది. అంతకుమించి అడిగితే అమ్మ లేచి పనిలో పడేది.

ఇప్పుడు లేవలేదు. కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పింది. అప్పుడు అమ్మకి పద్నాలుగేళ్లు. వెల్లుల్లి సీసా పెట్టే పని ఆమెకి అప్పగించారు. నిమ్మకాయలు పిండితే వేళ్ల మీద కోతలు మండుతాయి. మూడురోజులు కనిపెట్టుకుని ఉండటం విసుగు. ఎవరు చూడొచ్చారని, ఒలిచిన వెల్లుల్లిని తిన్నగా నూనెలో పోసేసి మూత బిగించింది. సీసా చూడటానికి ఎప్పటిలాగే ఉంది. పులుపు లేకపోవడం వల్ల ఇంకా తియ్యగా, కమ్మగా ఉందని అక్క మెచ్చుకుంది కూడా. ఆ వయసులో అమ్మకి వెల్లుల్లి పడేది కాదు, ముట్టుకోలేదు. మిగతావాళ్లు పెళ్లికని పక్కూరు వెళ్లారు.

"మర్నాడు నోరెండిపోతోందంది. ఎన్ని నీళ్లిచ్చినా గొంతు దిగట్లేదంది. ఆ మర్నాడు పొద్దున నన్ను చూసి నవ్వింది. ఏమే, ఇద్దరు కనబడుతున్నావు అంది. నేనూ నవ్వాను. వేళాకోళం చేస్తోందనుకున్నాను. సాయంత్రానికి కనురెప్పలు ఎత్తలేకపోయింది. మాట ముద్దముద్దగా అయిపోయింది. జ్వరం లేదు బుజ్జీ. జ్వరమని తర్వాత ఇంట్లోవాళ్లు అనుకున్నదే. ఒళ్లు చల్లగా ఉంది, మతి సరిగ్గా ఉంది. అన్నీ తెలుస్తూనే ఉన్నాయి దానికి. చివరికి ఊపిరి తీసుకోవడానికి ఒంట్లో ఓపిక లేక, ప్రాణం పోయింది."

అల్లుడు గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. ఎవరూ అతని వైపు చూడలేదు.

చాలాఏళ్ల దాకా అదేం జబ్బో అమ్మకి తెలీదట. కూతురు కడుపులో ఉండగా పరీక్షలు చేయడానికి ఇంటికొచ్చే నర్సమ్మ ఒకావిడ, మాటల్లో, నూనెలో దాచిన వస్తువులు జాగ్రత్త, పులుపు లేకుండా గాలి తగలకుండా ఉంటే ఒక విషం పుడుతుంది, వాసన ఉండదు, ముందు కళ్ళకి అన్నీ రెండు రెండుగా కనబడతాయి, అని చెప్పిందట. ఆవిడ వెళ్లిపోయాక అమ్మ గడప మీద కూర్చుని చీకటి పడేదాకా లేవలేదట. ఆ మర్నాటి నించీ మూడురోజుల నిమ్మరసం మళ్లీ మొదలైంది. ఒక్కపూట తగ్గలేదు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

కూతురికి భయం, దాని వెనకే కోపం వచ్చాయి. రెండూ ఒక్కసారి వచ్చినప్పుడు మనిషి నోటినించి ముందు కోపమే బయటికొస్తుంది.

"మూడురోజులెందుకని ఎన్నిసార్లడిగానమ్మా నిన్ను?"

"అడిగావు."

"అడక్కు అన్నావు."

"అన్నాను. కారణం చెబితే, అది ఎలా తెలిసిందని అడుగుతావు. ఎవరు చేశారని అడుగుతావు. నీకు నేను వంట నేర్పిన మనిషిని. అక్కని చంపిన మనిషిలా కనబడాలని లేకపోయింది నాకు."

అమ్మ దాచింది సిగ్గుతో, తను తీసేసింది గర్వంతో. మధ్యలో పడి పోయింది ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం ఎప్పుడో చెప్పి ఉంటే ఈ అలమర ఇలా ఉండేది కాదు.

అయినా పనిమంతురాలు, చేతులు ముందు తేరుకున్నాయి. రేపటి భోజనం లేదు అని పైకే అంది, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. రేపటికని ఉంచిన సంచులు కాబట్టి ఒక్కటీ తెరవలేదు. అంతకుముందు చేసిన విడత ఫ్రిజ్జులోనే ఉండి నాలుగురోజుల్లో అయిపోయింది. అది తిని నెలదాటింది, తిన్నవాళ్లు బానే ఉన్నారు. ఈ విడత ఎవరూ ముట్టుకోలేదు. ఎవరూ తినలేదు, ఎవరూ తినలేదు అని మనసులో అనుకుంటూ, చేతులకి తొడుగులు వేసుకుని, మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి, సంచుల్ని ఒక్కొక్కటే అందులో పెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఉబ్బింది ఒక్కటే, మిగతావి పలచగా, అందంగా ఉన్నాయి. వాటిని చూస్తేనే ఎక్కువ భయమేసింది.

పదమూడు.

డబ్బాలోంచి మళ్లీ తీసి లెక్కపెట్టింది. పదమూడే. అలమర వెనక చెయ్యిపెట్టి తడిమింది. కింద చూసింది. చీటీల కట్ట తీసి చూస్తే అందులో తన రాతే, పద్నాలుగు అని.

తలెత్తేసరికి గుమ్మం దగ్గర భర్త మొహం పాలిపోయి ఉంది. ఆ మొహం చూడగానే ఆమెకి సగం తెలిసిపోయింది. మిగతా సగం అతనే చెప్పాడు, గోడకి ఆనుకుని. ఆదివారం సాయంత్రం ఒక సంచి తీసి అత్తయ్యకి ఇచ్చొచ్చాడు. తల్లీకూతుళ్లు ఆర్నెల్లుగా మాట్లాడుకోకుండా ఇద్దరూ తన ప్రాణం తీస్తున్నారని, ఎవరో ఒకరు మొదలుపెట్టాలని, అంతే. మీ అమ్మాయి పంపిందని చెప్పాడు. మంచి అబద్ధం అనుకున్నాడు.

కూతురు అమ్మ వైపు తిరిగింది. కుర్చీ దాకా వెళ్లి, ఆవిడ మోకాళ్ల దగ్గర నేలమీద కూర్చుంది.

"తిన్నావా?"

అమ్మ తలూపింది.

"ఎంత తిన్నావమ్మా? కొంచెం తిన్నావు కదూ? పులుపు లేదని తెలిసి ఆపేసుంటావు."

"కొత్త పద్ధతి కదా, పులుపు తెలీకుండా చేశావనుకున్నాను. ఆర్నెల్ల తర్వాత నువ్వు పంపావే బుజ్జీ. మిగులుస్తానా?"

బయట రోడ్డు మీద ఎవరో బండి హారన్ ఆపకుండా కొడుతున్నారు. కూతురికి అది చాలా దూరంగా వినబడింది. అమ్మ పెదవులు ఎండిపోయి, అక్కడక్కడ తెల్లగా ఉన్నాయి. బల్లమీద గ్లాసులో నీళ్లు తెచ్చినవి తెచ్చినట్టే ఉన్నాయి. ఇరవై ఆరు అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. ఇరవై ఆరంటే పదమూడు రెండుసార్లు.

"అమ్మా, నావైపు చూడు."

"చూస్తూనే ఉన్నానే. ఇద్దరున్నారు. ఎవరివైపు చూసి చెప్పాలో తెలీట్లేదు."

పొద్దున్నే దీపం రెండుగా కనబడినప్పుడే తనకి అర్థమైందని ఆవిడ చెప్పింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆదివారం అల్లుడు చెప్పిన రేపటి భోజనమట. నలభైమంది. ఫోను చేస్తే కూతురు ఎత్తదు, ఎత్తినా వినదు, అందుకే బస్సెక్కి వచ్చింది. తన సంగతి చివర చెబుదామనుకుంది, ముందే చెబితే ఈ పిల్ల సంచులొదిలేసి తనతో పడుతుందని. చెప్పేటప్పుడు గొంతులో వణుకు లేదు. అక్క దారినే తనూ పోతోంది, ఎన్నాళ్ల బాకీయో తీరుతోంది అన్నట్టే ఉంది ఆ తీరు. ఆ నిబ్బరం చూసి కూతురు హడలిపోయింది.

పెద్దాసుపత్రికి ఫోను చేసింది. చేతులకి తొడుగులు ఉన్నాయని మరిచిపోయి రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. చివరికి ఒక డాక్టరమ్మ దొరికింది. ఆవిడ తొందరపడకుండా ఒక్కొక్కటే అడిగింది. చూపెలా ఉంది, నీళ్లు దిగుతున్నాయా, ఎప్పుడు తిన్నారు, ఊపిరి ఎలా ఉంది. తర్వాత, ఇప్పుడే తీసుకురండి, దానికి మందుంది, ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది, మేము తెప్పించి ఉంచుతాం, ఆ సంచులు కూడా తీసుకురండి, అంది. కూతురు ఆ మాటల్ని అమ్మకి వినబడేలా గట్టిగా పలికింది.

"మందుందా?" అంది అమ్మ.

ఆ మాట అప్పటిదాకా మాట్లాడిన గొంతుతో రాలేదు. యాభయ్యేళ్లుగా ఆవిడ లెక్కలో ఆ జబ్బుకి మందు లేదు. లేదు కాబట్టే పొద్దున్నించీ అంత స్థిమితంగా ఉంది. ఉందని తెలిసేసరికి బతకాలనిపించింది, బతకాలనిపించగానే భయం పట్టుకుంది. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని లేవబోయింది. కాళ్లు సహకరించలేదు. కూతురి భుజాన్ని పట్టుకోబోయి, ఆ పక్కన ఏమీ లేని చోట చెయ్యి వేసింది.

కారు తీయండి, కారు తీయండి అని కూతురు వెనక్కి తిరక్కుండానే అరిచింది. అమ్మకి దాహం అని సైగ చేస్తే, ముందు కొంచెం నీళ్లివ్వండి, పెదవులైనా తడపాలి, అంది. భర్త కూజా తీసుకున్న చప్పుడైంది.

ఫోనులో డాక్టరమ్మ ఇంకా ఉంది. ఇంకొక్క ప్రశ్న అంది. ఆ సంచిలోది ఇంకెవరైనా తిన్నారా?

కూతురు అదే మాట అమ్మని అడిగింది. ఒక్కదానివే కదమ్మా తిన్నది? అమ్మ కనురెప్పలు సగం వాలి ఉన్నాయి. వాటిని ఎత్తడానికి నుదురంతా ముడతలు పడింది. నోరు తెరిచింది, నాలిక తిరగలేదు. మళ్లీ తెరిచింది.

"బాబు... ఒక్క ముద్ద. వద్దన్నా... నేనే పెట్టాను. ఉత్తి కడుపుతో... పంపనుగా." ముద్దముద్దగా వస్తున్న మాటల్ని కూడదీసుకుంది. "రాగానే అడిగాను. కళ్ళు... బానే ఉన్నాయన్నాడు."

కూతురు వెనక్కి తిరిగింది.

బల్ల దగ్గర నిలబడి భర్త కూజాలోంచి నీళ్లు పోస్తున్నాడు. మొహంలో ఏమీ లేదు, పనిమీద ధ్యాసతో కొంచెం ముందుకి వంగి ఉన్నాడు. రెండో చేతిలో కారు తాళాలున్నాయి. నీళ్లు గ్లాసు పక్కన పడి, బల్ల మీంచి పాకి, నేలమీదికి కారుతున్నాయి. అతనింకా పోస్తూనే ఉన్నాడు.